వాల్వ్ కోడ్ వస్తే ముందు కాయిల్ మార్చేయడం తప్పా?

మిర్చియార్డు_బూమ్ (గుంటూరు)

మాది బూమ్ లిఫ్టుల (పొడవాటి చెయ్యి చివర బుట్టలో మనిషిని పైకెత్తే బండ్ల) అద్దె వ్యాపారం. షెడ్లు, కాలేజీ బిల్డింగులు, ఈ మధ్య అమరావతి వైపు పనులు. ప్రస్తుతం 60 అడుగుల టెలిస్కోపిక్ (చెయ్యి సాగి ముడుచుకునే) బండి ఒకటి చిలకలూరిపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ మీద రేకుల పనిలో ఉంది. ఈ వారం రోజూ మధ్యాహ్నం దాటాక డిస్‌ప్లే మీద ఒకటే కోడ్: జిబ్ (బూమ్ చివర బుట్టని ఆడించే పొట్టి చెయ్యి) పైకి లేపే వాల్వ్, ఓపెన్ సర్క్యూట్. జిబ్ లేవదు. పొద్దున పూట ఏ గొడవా ఉండదు.

మా పద్ధతి ఎప్పటి నుంచో ఒకటే. వాల్వ్ కోడ్ వస్తే ముందు కాయిల్ (కరెంటుతో వాల్వ్‌ని తెరిచే రాగి చుట్ట) మార్చు. పోకపోతే కార్ట్రిడ్జ్ (ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్ ముక్క) మార్చు. అప్పటికీ పోకపోతే హైదరాబాద్ నుంచి కంపెనీ ఇంజినీర్‌ని పిలువు. కొత్తగా చేరిన సర్వీస్ కుర్రాడు దీన్ని గుడ్డి వైద్యం అంటున్నాడు. మీటర్ పట్టుకుని వైరు వైరూ వెతుక్కుంటూ కూర్చుంటే అంతసేపూ రేకుల ముఠా నీడన కూర్చుంటుంది, వాళ్ల కూలి మా అద్దెలో కోస్తారు. కాయిల్ మార్చడం పది నిమిషాల పని. ఎవరిది కరెక్టో మీరే చెప్పండి.

వందడుగుల_రోడ్డు (ఆటోనగర్, విజయవాడ)

మీదే కరెక్టు అన్నా. కాయిల్ అంటేనే అరిగిపోయే సామాను. మన ఎండలకి లోపల రాగి చుట్ట కాగి కాగి ఎక్కడో ఒక చోట తెగుతుంది. చల్లబడితే ఆ తెగిన కొసలు మళ్లీ ఆనుకుంటాయి. పొద్దున పనిచేసి మధ్యాహ్నం పడుకుందంటే అచ్చం అదే లక్షణం. పైన నట్టు తీసి కాయిల్ లాగి కొత్తది తొడగడమే, ఆయిల్ చుక్క కూడా కారదు. నేనైతే ఇలాంటి బండి వస్తే మీటర్ పెట్టె తెరవను.

ఓమ్స్_మాస్టారు (గొల్లపూడి)

కుర్రాడిది కరెక్టు. అతన్ని పోగొట్టుకోకండి.

ఆ కోడ్ ఏం చెబుతోందో ముందు చూడాలి. కంట్రోలర్ కాయిల్‌కి కరెంటు పంపుతుంది, ఎంత పోతోందో అదే కొలుచుకుంటుంది. పంపమన్నంత పోకుండా దాదాపు సున్నా ఉంటే ఓపెన్ సర్క్యూట్ అని రాస్తుంది. మరీ ఎక్కువ పోతే షార్ట్ అంటుంది. అంతకుమించి దానికేమీ తెలియదు. వాల్వ్ లోపల జరిగే కడ్డీ, అదే స్పూల్, కదిలిందా, ఆయిల్ పోయిందా, అసలు జిబ్ లేచిందా అన్నది ఆ కోడ్‌లో లేదు. అందుకే ఓపెన్ సర్క్యూట్ కోడ్‌కి కార్ట్రిడ్జ్ మార్చడం అన్న మీ రెండో మెట్టుకి అర్థమే లేదు. కార్ట్రిడ్జ్‌లో కరెంటు పారే వైరేదీ ఉండదు.

ఇక మొదటి మెట్టు. కంట్రోలర్ పిన్ను నుంచి బయలుదేరిన కరెంటు హార్నెస్ (వైర్ల కట్ట) దాటి, మధ్య కనెక్టర్లు దాటి, కాయిల్‌లోకి వెళ్లి, ఎర్త్ వైరు మీదుగా వెనక్కి రావాలి. ఈ దారిలో ఎక్కడ తెగినా డిస్‌ప్లే మీద పడేది వాల్వ్ పేరే. కాయిల్ ఆ దారిలో ఒక ముక్క మాత్రమే.

"మారిస్తే పోతోంది కదా" అంటారు, దానికీ కారణం ఉంది. కాయిల్ మార్చాలంటే కనెక్టర్ పీకి మళ్లీ గుచ్చాలి. పిన్ను మీద పట్టిన చిలుము ఆ రాపిడికి కాస్త ఊడుతుంది, కరెంటు పారుతుంది, కోడ్ పోతుంది. నెల తర్వాత మళ్లీ వస్తుంది, మళ్లీ కొత్త కాయిల్. పాత కాయిల్ మాత్రం చెత్తబుట్టలో నిక్షేపంగా పడి ఉంటుంది. కాయిల్ మార్చాక కోడ్ పోయినంత మాత్రాన కాయిల్ చెడిపోయినట్టు రుజువు కాదు. ఈసారి మార్చే ముందు కనెక్టర్ పీకి, తుడిచి, పాత కాయిల్‌కే మళ్లీ గుచ్చి చూడండి.

ఒక ప్రశ్న. జిబ్ కిందికి దిగే కదలిక బాగానే ఉందా?

మిర్చియార్డు_బూమ్

కిందికి బాగానే దిగుతోంది మాస్టారూ. పైకే లేవడం లేదు.

ఓమ్స్_మాస్టారు

అయితే సగం పని అయిపోయింది. సాధారణంగా పై కాయిల్‌కీ కింద కాయిల్‌కీ ఎర్త్ వైరు ఒకటే. కిందిది పనిచేస్తోందంటే ఆ ఎర్త్ మంచిదే. రెండు కాయిళ్లూ ఒకే రకమైతే అటుదిటు, ఇటుదటు తొడగండి. కోడ్ కాయిల్‌తో పాటు కదిలి "కిందికి" అని మారితే కాయిలే పోయింది. "పైకి" అనే ఉండిపోతే వైరు. రూపాయి ఖర్చు లేదు, పట్టేది మీ పది నిమిషాలే. మార్చేది కాయిళ్లని మాత్రమే, కనెక్టర్లు వాటి చోట వాటిని ఉంచండి. కనెక్టర్లు తారుమారు చేస్తే పైకి అని మీట తోస్తే జిబ్ కిందికి దిగుతుంది, బుట్టలో మనిషి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వందడుగుల_రోడ్డు

మాస్టారూ, అంతా బాగానే ఉంది. మీరు మార్చి చూసేది ఎప్పుడు? బండి కిందికి దింపి, ఇంజిన్ ఆపి, టీ తాగి వచ్చాక. అప్పటికి కాయిల్ చల్లబడి ఉంటుంది. చల్లటి కాయిల్‌ని మీటర్‌తో కొలిస్తే ఎప్పుడూ మంచిదనే చూపిస్తుంది. ఆ మీటర్‌ని నమ్మి బండి పంపిస్తే మర్నాడు మధ్యాహ్నం సైటు నుంచి ఫోను. తిట్లు తినేది మేము.

ఓమ్స్_మాస్టారు

ఈ మాట ఒప్పుకుంటాను. చల్లటి కొలత అబద్ధం చెబుతుంది. కొలిచేదేదో కోడ్ ఉన్నప్పుడే కొలవాలి.

అయితే వేడి అన్నామంటే లెక్క కూడా చూడాలి. రాగికి డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 5 ఓమ్‌లున్న కాయిల్ 95 డిగ్రీలకి చేరితే 6.4 ఓమ్‌లు అవుతుంది. 12 వోల్టులకి 2.4 ఆంపియర్లు లాగేది 1.9 దగ్గర ఆగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉండి, దారిలో ఇంకో వోల్టు పోతే 1.6కి పడిపోతుంది. అప్పుడు ప్రపోర్షనల్ వాల్వ్ (కరెంటు ఎంత ఇస్తే అంత మేరకే తెరుచుకునేది) పూర్తిగా తెరుచుకోదు, జిబ్ నత్తనడక నడుస్తుంది. కొన్ని బండ్లు దానికి కరెంటు తక్కువ అని వేరే కోడ్ ఇస్తాయి. వీళ్లది నీరసం కాదు, పూర్తిగా తెగడం. కాబట్టి వట్టి ఎండ మీద నెట్టేస్తే కుదరదు, ఏదో ఒకటి నిజంగానే విడిపోతోంది. కాయిల్ లోపలా, బయటా అన్నదే తేలాలి.

ఆయిల్_బాబాయ్ (మంగళగిరి)

ఈ కోడ్‌ల గోల వచ్చాక మీ అందరికీ ఆయిల్ అన్నది గుర్తే లేకుండా పోయింది. ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? బురద ఆయిల్‌తో స్పూల్ పట్టేస్తే ఏ కాయిల్ ఏం చేస్తుంది?

ఓమ్స్_మాస్టారు

బాబాయ్, స్పూల్ పట్టేస్తే ఈ కోడ్ రాదు. డీసీ కాయిల్ స్పూల్ కదిలినా కదలకపోయినా దాదాపు అంతే కరెంటు లాగుతుంది, కంట్రోలర్ సంతోషంగానే ఉంటుంది. కోడ్ లేకుండా జిబ్ కదలకపోతే అప్పుడు మీరు రండి, ప్రెజర్ గేజ్ పట్టుకుని.

ఆయిల్_బాబాయ్

అలాంటి బండ్లే ఎక్కువ వస్తాయిలే నాకు. కోడ్ లేదు కాబట్టి బండి బాగుందని ముందే సర్టిఫికెట్ ఇచ్చేసి మరీ పంపిస్తారు.

బుట్టలో_మనిషి (తెనాలి)

ఆపరేటర్‌ని. మీ గొడవలు నాకు తెలియవు గానీ, ఇలాంటి కోడ్ వస్తే మేం చేసేది ఎర్ర మీట నొక్కి, తీసి, మళ్లీ ఆన్ చేయడం. చాలాసార్లు పోతుంది, పని సాగుతుంది. కింద చెబితే "కానివ్వవయ్యా, సాయంత్రం చూద్దాం" అంటారు.

హెల్మెట్_మామయ్య (తాడేపల్లి)

ఆ సాయంత్రం మీరు యాభై అడుగుల పైన ఇరుక్కుని ఉంటారు. చాలా బండ్లలో ఆ అవుట్‌పుట్ వాడినప్పుడే కంట్రోలర్ దాన్ని పరీక్షిస్తుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే తప్పు పోలేదు, మీరు మీట తోసేదాకా దానికి తెలియలేదు, అంతే. కోడ్ చరిత్ర లోపల ఉంటుంది, సర్వీస్ కుర్రాడు వచ్చి చూస్తే ఎన్నిసార్లు దులిపేశారో బయటపడుతుంది.

ఇంకొకటి అడుగుతాను. మీ సైటులో కింద నిలబడేవాళ్లలో గ్రౌండ్ కంట్రోల్స్‌తో మిమ్మల్ని దింపడం తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఇంజిన్ ఆగితే ఆక్సిలరీ పంపు స్విచ్ ఎక్కడుందో తెలుసా? కోడ్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

బుట్టలో_మనిషి

మేస్త్రీకి తెలుసు మామయ్యా. ఆయన భోజనానికి వెళ్తే ఎవరికీ తెలియదు. నిజమే.

అది సరే, గుంటూరు అన్నా, నాదొక డౌటు. మధ్యాహ్నం అంటున్నారు కదా, మధ్యాహ్నం వాళ్లు షెడ్డు మీద ఎక్కడ పని చేస్తున్నారు? మామూలుగా రేకుల వాళ్లు పొద్దున చూరు వైపు మొదలుపెట్టి పైకి పోతారు.

మిర్చియార్డు_బూమ్

ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. పొద్దున చూరు వైపే. భోజనాలయ్యాక నడికొప్పు మీదికి వెళ్తున్నారట. అక్కడికి బూమ్ దాదాపు పూర్తిగా సాచాలి.

ఓమ్స్_మాస్టారు

ఆపరేటర్ తమ్ముడికి దండం. ఇంతసేపూ మనం గడియారం చూశాం, ఆయన బూమ్ చూశాడు.

జిబ్ వాల్వ్ మీ బండిలో బూమ్ చివర, బుట్ట దగ్గరే ఉంటే దాని వైర్లు బూమ్ పొడవునా కేబుల్ ట్రాక్‌లో (వైర్లని మోసే మడత గొలుసులో) ప్రయాణం చేసి వెళ్లాలి. బూమ్ సాచినప్పుడల్లా ఆ గొలుసు మడత తిరుగుతుంది, వైరు రోజూ ఒకే చోట వంగుతుంది. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. ముడిచినప్పుడు ఆనుకుంటాయి, సాచినప్పుడు విడిపోతాయి.

పరీక్ష ఇలా చేయండి. బుట్ట ఖాళీగా ఉండాలి, బూమ్ కింద ఎవరూ ఉండకూడదు. అనుమానం ఉన్న వైరు రెండు కొసలూ కంట్రోలర్ దగ్గరా కాయిల్ దగ్గరా విప్పేయండి. మీటర్ బీప్ శబ్దాన్ని నమ్మొద్దు, ఒక్క పోగు మిగిలినా బీప్ కొడుతుంది. ఆ వైరు గుండా 21 వాట్ల ఇండికేటర్ బల్బు వెలిగించండి. అది 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు లాగుతుంది, కాయిల్ లాగేదీ ఇంచుమించు అంతే. గ్రౌండ్ కంట్రోల్స్ నుంచి బూమ్ మెల్లగా సాచండి. బల్బు ఎక్కడ మినుకుతుందో చూడండి.

సింగ్‌నగర్_ఎలక్ట్రీషియన్ (విజయవాడ)

సాచితే వచ్చే కోడ్ వైరుదే అని తీర్మానించే ముందు ట్రాక్ చివర కనెక్టర్ కూడా విప్పి చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో నిలబడ్డ బండ్లు చాలా చూశాను. అప్పటికి ఆరబెట్టి స్టార్ట్ చేస్తే బాగానే నడిచాయి, కోడ్‌లు నెలల తర్వాత మొదలయ్యాయి. పిన్నుల మీద పచ్చ చిలుము సరే, కనిపించేదే. నీరు వైరు తొడుగు లోపలికి పాకి అంగుళాల కొద్దీ రాగిని నల్లగా చేసేస్తుంది. కొస కత్తిరించి చూస్తే గానీ తెలియదు. మరీ ఎక్కువగా బలయ్యేవి ఎర్త్ కనెక్షన్లు, ఒక ఎర్త్ పోతే సంబంధం లేని నాలుగు కోడ్‌లు ఒకేసారి వస్తాయి.

వందడుగుల_రోడ్డు

ఇంత తతంగం ఎందుకు? బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి కాయిల్ పిన్నుకి తగిలించండి. జిబ్ లేస్తే కాయిల్ మంచిది, లేవకపోతే చెడ్డది. ముప్పై సెకన్లు.

హెల్మెట్_మామయ్య

ముప్పై సెకన్లు కూడా అక్కర్లేదు, జిబ్ ఒక్క సెకనులో ఎగిరి రేకులకి కొడుతుంది. అది ప్రపోర్షనల్ వాల్వ్. కంట్రోలర్ దానికి కరెంటు మెల్లమెల్లగా పెంచుతుంది. మీరు నేరుగా 12 వోల్టులు ఇస్తే వాల్వ్ ఒక్కసారిగా పూర్తిగా తెరుచుకుంటుంది. ఒంపు సెన్సర్ ఉంది, లిమిట్ స్విచ్‌లు ఉన్నాయి, వాటిలో ఒక్కదాని మాట కూడా వినదు.

ఓమ్స్_మాస్టారు

పైగా కనెక్టర్ విప్పకుండా తగిలిస్తే ఆ 12 వోల్టులు కంట్రోలర్ అవుట్‌పుట్‌లోకి ఎదురెక్కుతాయి. కాయిల్ పరీక్ష చేయబోయి కంట్రోలర్ కొనుక్కోవాలి.

వందడుగుల_రోడ్డు

కనెక్టర్ విప్పకుండా ఎవరు పెడతారు మాస్టారూ, మరీ అంత అన్యాయమా! బుట్టలో మనిషి లేకుండా, ఇంజిన్ ఆపి, కాయిల్‌కి అయస్కాంతం వస్తోందో లేదో స్క్రూడ్రైవర్ ఆనించి చూడటానికి నేరుగా ఇవ్వచ్చు. ఇంజిన్ ఆగితే ప్రెజర్ ఉండదు కదా.

హెల్మెట్_మామయ్య

పైకి లేపడానికి ప్రెజర్ ఉండదు. దించే కాయిల్ మీద ఇదే పరీక్ష చేసే మహానుభావుడు కూడా ఉంటాడు కాబట్టి ఇక్కడ రాసేటప్పుడు అది కూడా రాయాలి. సిలిండర్‌కి లోడ్ హోల్డింగ్ వాల్వ్ (బరువు దానంతటది జారకుండా పట్టి ఉంచేది) ఉంటుందని ధైర్యం వద్దు, అది బాగుందని ఎవరు చూశారు? జిబ్ పూర్తిగా దించాకే చేయి పెట్టాలి.

మిర్చియార్డు_బూమ్

మొన్న సాయంత్రం పని ఆగాక చూశాం. ముందు నా మాట ప్రకారం కొత్త కాయిల్ వేశాం, బూమ్ ముడిచి ఉండగా కోడ్ లేదు. సాచితే వచ్చింది. తర్వాత కుర్రాడు బల్బు పెట్టాడు. మూడొంతులు సాచేదాకా బాగా వెలిగింది, అక్కడి నుంచి మిణుకుమిణుకు, పూర్తిగా సాచితే ఆరిపోయింది. చివరి కనెక్టర్ విప్పి చూశాం, శుభ్రంగా ఉంది. వైరే.

అయినా ఒక మాట. ఈ బండికి వైరు. మా మిగతా బండ్లకి కాయిళ్లు మార్చే ఏళ్ల తరబడి నడిపాను. సైటులో పని ఆగి ఉంటే స్పేర్ కాయిల్ తొడిగి పని నడిపించడాన్ని నేను తప్పనను. కాకపోతే ఇకమీద కోడ్‌కి కార్ట్రిడ్జ్ మార్చను, పాత కాయిల్ పారేయను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ వైరుకి ట్రాక్ మధ్యలో జాయింట్ వేసి నడపచ్చా? మొత్తం కేబుల్ మార్చాలంటే బండి ఆపాలి.

వందడుగుల_రోడ్డు

ట్రాక్‌లో జాయింట్ వద్దన్నా. ఈ ఒక్క విషయంలో మాస్టారూ నా మాటే అంటారు. జాయింట్ దగ్గర వైరు బిర్రుగా అవుతుంది, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. ముందు కేబుల్‌లో వాడకుండా వదిలేసిన కోర్ (లోపలి వైరు) ఏదైనా ఉందేమో చూడండి, చాలా వాటిలో ఉంటుంది. ఉంటే రెండు కొసల్లోనూ దానికి మార్చుకుని, వైరింగ్ బొమ్మ మీద పెన్నుతో రాసి పెట్టండి.

ఓమ్స్_మాస్టారు

స్పేర్ కోర్‌కి మార్చే ముందు దాని మీద కూడా అదే బల్బు పరీక్ష చేయండి. పక్క వైరు తెగిన చోటే అదీ ఇన్నాళ్లూ వంగుతూ వచ్చింది. అది కూడా మినుకుతోందంటే పని ముగిసేదాకా జిబ్ వాడకుండా నడికొప్పు చేరగలరేమో చూసుకుని, ఆ తర్వాత కేబుల్ మొత్తం మార్చేయండి. మార్చేటప్పుడు వంగే చోట్ల వాడే మెత్తటి సన్నపోగుల కేబులే వేయండి, ఇంటి వైరింగ్ వైరు వేశారంటే వచ్చే ఎండాకాలం దాకా కూడా ఆగదు.