టయోటా 2000జీటీ నిజంగా జాగ్వార్ ఇ-టైప్‌కు కాపీయేనా?

పాతబండి:
2013లో అమెరికాలో జరిగిన ఒక వేలంలో 2000జీటీ పది లక్షల డాలర్లు దాటింది. నాకు మింగుడు పడటం లేదు. పొడవాటి బానెట్, వెనక్కి వాలుగా దిగే టాప్, వరుసగా ఆరు సిలిండర్లు... 1961లోనే జెనీవాలో జాగ్వార్ ఇవన్నీ చూపించేసింది. టయోటా తన కారును టోక్యో షోలో పెట్టింది 1965లో. అసలు ఉండగా నకలుకు అంత డబ్బెందుకు?

కాకినాడ కుర్రాడు:
అన్నా, మీరు ఫొటో చూసి మాట్లాడుతున్నారు. ఒకసారి కారు కింద చూడండి. ఇ-టైప్‌ది స్టీలు మోనోకాక్, అంటే బాడీయే బరువు మోసే నిర్మాణం, ముందు ఇంజను కోసం గొట్టాల ఫ్రేము. 2000జీటీకి మధ్యలో వెన్నెముక లాంటి ఛాసీ, దాని మీద అల్యూమినియం బాడీ. పోలికంటూ వెతికితే అది లోటస్ ఎలాన్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు దగ్గర, జాగ్వార్‌కు కాదు. ఇంజను బ్లాకు టయోటా క్రౌన్‌ది. దానికి ట్విన్ క్యామ్ హెడ్ (వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులు రెండున్న ఇంజను పైభాగం) తయారుచేసింది యమహా. డాష్‌బోర్డు చెక్కపని కూడా యమహా పియానో విభాగమే చేసింది. ముందు చక్రానికీ డోరుకూ మధ్య రెండు పక్కలా చిన్న తలుపులుంటాయి చూడండి, ఒక దాని వెనక బ్యాటరీ, రెండో దాని వెనక ఎయిర్ ఫిల్టర్. బానెట్ అంత కిందికి దించగలిగారంటే అలా సర్దబట్టే. నకలు కొట్టేవాడికి ఇంత ఆలోచన అవసరమా?

ఇంకోటి. 1966 అక్టోబరులో జపాన్‌లోని యాతబే టెస్ట్ ట్రాక్‌ మీద 2000జీటీని వర్షంలో కూడా ఆపకుండా 72 గంటలు నడిపారు, సగటు వేగం గంటకు 206 కిలోమీటర్లు. ఆకారం చూసి కాపీ కొడితే ఈ దమ్ము రాదు.

పాతబండి:
ఛాసీ విషయం ఒప్పుకుంటాను. కానీ టయోటా ఇంజను 2 లీటర్లు, 150 హార్స్‌పవర్ ఎక్కడ, జాగ్వార్‌ది 3.8 లీటర్లు, 265 ఎక్కడ? పైగా అమెరికాలో కొత్తగా అమ్మినప్పుడే జాగ్వార్ కంటే టయోటా ధర ఎక్కువ. జాగ్వార్లు 72 వేల పైచిలుకు తయారయ్యాయి కాబట్టి ఈ రోజుకీ స్పేర్ పార్టులు దొరుకుతాయి. తీసి రోడ్డెక్కించొచ్చు. 2000జీటీలు మొత్తం 351. గీత పడుతుందని భయపడి బయటికే తీయరు.

గ్యారేజ్ మాట:
పార్టుల గురించి ఒక్క మాట. 2000జీటీ గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) భాగాలను 2020 నుంచి టయోటాయే మళ్లీ తయారుచేస్తోంది. ఇక ఇ-టైప్ కొనేవాళ్లు మొదటి 3.8 కార్ల గేర్‌బాక్స్ సంగతి కూడా చూసుకోవాలి. ఫస్ట్ గేరుకు సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) ఉండదు, ట్రాఫిక్‌లో చుక్కలు చూపిస్తుంది. 1964లో 4.2 ఇంజనుతో పాటు కొత్త గేర్‌బాక్స్ వచ్చాకే ఆ బాధ తీరింది. తోలడానికైతే నా ఓటు 4.2 జాగ్వార్‌కే. కానీ కాపీ అనే మాట మాత్రం తప్పు, పాతబండి గారు దాన్ని వెనక్కి తీసుకోవాలి.