నాన్న సింగరేణి రిటైర్డ్, సౌత్ వేల్స్‌లో నాలుగు రోజులు ఏం చూపించాలి?

ఖని_అమ్మాయి:

అందరికీ నమస్తే. మేము న్యూపోర్ట్‌కు మారి నాలుగు నెలలైంది. ఆగస్టులో అమ్మానాన్న మొదటిసారి వస్తున్నారు. లండన్ మా తమ్ముడు తిప్పుతాడు, ఆ తర్వాత పది రోజులు నా దగ్గర. నాకు లీవు దొరికింది మాత్రం నాలుగు రోజులే. కారు లేదు, మేమిద్దరం ఇంకా డ్రైవింగ్ టెస్ట్ దగ్గరే తిరుగుతున్నాం.

నాన్న గోదావరిఖనిలో ముప్పై రెండేళ్లు బాయి (బొగ్గు గని) పని చేసి రిటైరయ్యారు. తట్టా చెమ్మస్ రోజుల్లో, అంటే బొగ్గును తట్టలతో, పారలతో చేత్తోనే ఎత్తే రోజుల్లో కోల్ ఫిల్లర్‌గా చేరారు, ఇప్పుడు అరవై ఏడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టదు. మా ఆయన రాసిన లిస్టు చూస్తే అన్నీ కోటలే. కార్డిఫ్ కోట, కేర్‌ఫిలీ కోట, రాగ్లన్ కోట, చెప్‌స్టో కోట. మా నాన్న ఒకటి ఓపిగ్గా చూస్తారు, రెండోదాని దగ్గర "మన రామగిరి ఖిల్లా కంటే పెద్దదా?" అని అడిగి బెంచీ మీద కూర్చుంటారు, ఇది నాకు ముందే తెలుసు.

అసలు అడగాలనుకున్నది బ్లైనావన్‌లోని బిగ్ పిట్ గురించి. బొగ్గు గనిని మ్యూజియం చేశారట, కిందికి దింపుతారట. మా ఆఫీసులో అందరూ వెళ్లమంటున్నారు. కానీ ముప్పై రెండేళ్లు దిగి దిగి విసిగిన మనిషిని విమానమెక్కించి తెచ్చి మళ్లీ గనిలోకే దింపడం ఏమైనా బాగుంటుందా? వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్పండి. అమ్మకు ఏం చూపించాలో కూడా. మ్యూజియంలలో ఆగస్టులో ప్రత్యేకంగా ఏమైనా జరుగుతాయా?

కార్డిఫ్_పాతకాపు:

అమ్మా, నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్లు, బిగ్ పిట్‌కు కనీసం ఆరుసార్లు వెళ్లి ఉంటాను, ఇండియా నుంచి ఎవరు వచ్చినా మొదట అక్కడికే తీసుకెళ్తాను. కాబట్టి నా మాట కొంచెం పక్షపాతంగానే ఉంటుంది, ముందే చెప్తున్నా.

అది నిజం గని, సెట్టింగ్ కాదు. 1980 ఫిబ్రవరిలో మూతపడింది, 1983లో జనానికి తెరిచారు. కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, 90 మీటర్లు కిందికి వెళ్తారు. తిప్పి చూపించేది చాలావరకు ఒకప్పుడు గనుల్లో పనిచేసినవాళ్లే, అదే దాని అసలు విలువ. దిగే ముందు హెల్మెట్, టోపీ లైటు, నడుముకు బెల్టు, దానికి బ్యాటరీ, గ్యాస్ వస్తే వాడే సెల్ఫ్ రెస్క్యూయర్ అన్నీ కడతారు, మొత్తం ఐదు కిలోల దాకా ఉంటుంది. ఫోన్, చేతి గడియారం, కారు తాళం, అగ్గిపెట్టె, బ్యాటరీ ఉన్న ఏ వస్తువైనా సరే పైనే ఇచ్చేయాలి. ఇది తమాషాకు కాదు, ఇప్పటికీ అక్కడ గని చట్టాలే నడుస్తాయి. అంటే కింద ఫొటోలు ఉండవు, ఇన్‌స్టా వాళ్లకు ఇది పెద్ద బాధ, మీ నాన్నకు కాదనుకోండి.

కింద దాదాపు 50 నిమిషాలు. కొన్నిచోట్ల వంగి నడవాలి, నేల తడిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఆగస్టులో కూడా చలేస్తుంది, స్వెటర్ తప్పనిసరి. గుర్రాల కొట్టాలు ఉంటాయి, ఒక్కో గాటి మీద ఆ గుర్రం పేరు రాసి ఉంటుంది. గనిలో గాలి ఎటు పోవాలో మళ్లించే గాలి తలుపుల దగ్గర అందరినీ లైట్లు ఆర్పేయమంటారు. 1842లో చట్టం వచ్చేదాకా చిన్న పిల్లలు ఆ చీకట్లో ఆ తలుపు పక్కన కూర్చుని, టబ్బు (బొగ్గు బండి) వచ్చినప్పుడల్లా తెరిచి మూసేవాళ్లు. ఆ చట్టం ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను గనిలోపల పనిచేయకుండా ఆపింది. లైటు ఆరిపోయాక మొహం ముందు చెయ్యి పెట్టుకున్నా కనిపించదు. నాకు మొదటిసారి గుండె దడదడలాడింది. మీ నాన్నకు అది రోజువారీ సంగతే అయ్యుంటుంది.

పైన 1939లో కట్టిన స్నానాల గది ఉంది, షిఫ్టు దిగి వచ్చినవాళ్లు మసి కడుక్కుని ఇంటికి వెళ్లే చోటు. లాకర్లు అలాగే ఉన్నాయి. అందులోనే గని కార్మికుల జీవితం, 1984-85 సమ్మె గురించి ఎగ్జిబిషన్ పెట్టారు. దానికే గంట కేటాయించండి. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి బంద్ చూసిన మనిషికి ఆ ఫొటోలు వేరేగా కనిపిస్తాయి.

మ్యూజియంలోకి వెళ్లడానికి డబ్బులక్కర్లేదు. అండర్‌గ్రౌండ్ స్లాట్ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయండి, స్కూలు సెలవుల్లో నిండిపోతాయి. చిన్నపిల్లలు ఉంటే, మీటరు ఎత్తు లేనివాళ్లను దింపరు.

బెల్లంపల్లి_బాబు:

పాతకాపు అన్న చెప్పినవన్నీ నిజమే కానీ నేను ఒక్క మాట అడ్డం వేస్తా. మా మామగారు కూడా సింగరేణే. సర్‌ప్రైజ్ ఇద్దామని ఏమీ చెప్పకుండా తీసుకెళ్లాం. గని మీద కేజ్‌ను దింపే హెడ్‌గేర్ చక్రం కనబడగానే ఆయన మొహం మారిపోయింది. ల్యాంప్ రూమ్ దాకా వచ్చారు, బెల్టు చేతికి ఇస్తుంటే "నేను పైనే ఉంటా, మీరు పోయి రండి" అన్నారు. మా ఆవిడ బతిమాలితే కోపం వచ్చింది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత అత్తయ్య చెప్పారు, కప్పు కూలి ఆయన పక్కనే పనిచేసే మనిషి పోయాడట, ఆ సంగతి ఇంట్లో పిల్లలకెవరికీ ఎప్పుడూ చెప్పలేదట.

అందుకే అక్కా, సర్‌ప్రైజ్‌లు వద్దు, ముందే అడుగు. ఆయాసం, దగ్గు ఉన్నాయేమో కూడా చూసుకో, ముప్పై ఏళ్ల దుమ్ము ఊరికే పోదు. దిగనంటే పైన చూడటానికే సగం రోజు పడుతుంది, నష్టమేమీ లేదు.

ఇంకోటి, కేర్‌ఫిలీ కోటకు ఎలాగూ వెళ్తే (వెళ్లండి, ఒక్క కోట చూడాలంటే అదే చూడాలి, చుట్టూ నీళ్లు, పీసా గోపురం కంటే ఎక్కువ ఒరిగిన బురుజు) అక్కడి నుంచి లోయ పైకి సెంగెనిత్ అనే ఊరు దగ్గరే. 1913 అక్టోబర్ 14న అక్కడి యూనివర్సల్ గనిలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు పోయారు, కాపాడటానికి వెళ్లిన ఇంకో మనిషి కూడా. బ్రిటన్‌లో అంతకంటే పెద్ద గని ప్రమాదం జరగలేదు. వందేళ్లు నిండిన రోజున, 2013లో, అక్కడ స్మారకం తెరిచారు, చుట్టూ తోటలా చేసి ఒక్కొక్కరి పేరు, వయసు పలకల మీద రాశారు. మామగారు బిగ్ పిట్‌లో దిగలేదు కానీ ఇక్కడ మాత్రం గంటసేపు నిలబడి ఒక్కో వయసూ చదువుకుంటూ నడిచారు. పద్నాలుగేళ్ల పిల్లలు కూడా ఉన్నారు.

స్వాన్సీ_స్వాతి:

అందరూ నాన్న గురించే మాట్లాడుతున్నారు, పాపం అమ్మ సంగతేంటి?

ఆంటీ కోసం సెయింట్ ఫాగన్స్ మ్యూజియం. కార్డిఫ్ అంచున ఉంది, కార్డిఫ్ సెంటర్ నుంచి సిటీ బస్సు వెళ్తుంది, ప్రవేశం ఉచితం, కారులో వెళ్లేవాళ్లకు పార్కింగ్ డబ్బులే. నాగార్జునసాగర్ కట్టినప్పుడు మునిగిపోయే కట్టడాలను విప్పి అనుపులో మళ్లీ కట్టారు కదా, ఇక్కడ అదే పని దేశం మొత్తానికి చేశారు. వేల్స్ నలుమూలల నుంచి నలభైకి పైగా ఇళ్లు, దుకాణాలు, ఒక చర్చి, ఒక బడి, రాయీ రాయీ ఊడదీసి తెచ్చి నిలబెట్టారు. 1948 నుంచి ఉంది. 2019లో బ్రిటన్ మొత్తంలో ఆ ఏటి ఉత్తమ మ్యూజియంగా ఆర్ట్ ఫండ్ బహుమతి వచ్చింది.

అందులో మిస్సవకూడనిది రీడ్-ఎ-కార్ వరస. మెర్తిర్ టిడ్‌ఫిల్‌లో ఇనుప ఖనిజం తవ్వేవాళ్ల కోసం కట్టిన ఆరు ఇళ్లు, ఒకదానికొకటి ఆనుకుని, అచ్చం కంపెనీ క్వార్టర్లలాగే. ఒక్కో ఇంటిని ఒక్కో కాలంలో ఎలా ఉండేదో అలా సర్దారు. మొదటిది 1805, తర్వాత 1855, 1895, 1925, 1955, చివరిది 1985. మొదటి ఇంట్లో పొయ్యి, కుండలు, ఒక మంచం, అంతే. చివరి ఇంట్లోకి వచ్చేసరికి టీవీ, సోఫా. అదే గోడలు, అదే వైశాల్యం. మా అమ్మ 1955 ఇంట్లో వంటగది అరల దగ్గర నిలబడి "ఈ డబ్బాలు మన ఇంట్లో ఉండేవే" అని కదలనంది. కూరగాయల మడులు కూడా ఉంటాయి, ఆంటీకి అక్కడ అరగంట గడిచిపోతుంది.

అంకుల్‌కు కూడా అక్కడ ఒకటుంది, ఓక్‌డేల్ వర్క్‌మెన్స్ ఇన్‌స్టిట్యూట్. 1917లో గని కార్మికుల కోసం కట్టిన భవనం, అందులో లైబ్రరీ, చదువుకునే గది, సమావేశాల హాలు. యూనియన్ ఆఫీసుల్లో తిరిగిన మనిషైతే వెంటనే కనెక్ట్ అవుతారు.

మోకాళ్లకు మాత్రం జాగ్రత్త, స్థలం చాలా పెద్దది. మొత్తం చూడాలని పంతం పట్టొద్దు. తిండి: పాత బేకరీలో వేడి వేడి బ్రెడ్ అమ్ముతారు, వాసనకే ఆకలేస్తుంది. కానీ వెల్ష్ కేక్స్‌లో గుడ్డు ఉంటుంది, పాత పద్ధతిలో చేస్తే పంది కొవ్వు కూడా వేస్తారు, బారా బ్రిత్ అనే ఎండు పళ్ల బ్రెడ్‌లోనూ గుడ్డు ఉంటుంది. ఆంటీకి ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లండి, గడ్డి మీద కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఖని_అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. బాబూ, నువ్వు చెప్పింది చదివాక నిన్న రాత్రే ఫోన్ చేసి అడిగేశాను. నాన్న ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, నాకు టెన్షన్ వచ్చేసింది. తర్వాత "గాలి ఎట్ల పంపుతున్నరో చూడాలె" అన్నారు. "కప్పుకు ఏం పెట్టిండ్రు, కట్టెలా, ఇనుమా?" అని అడిగారు. నాకేం తెలుసు! వెనక నుంచి అమ్మ, "అంత దూరం పోయి గూడ బాయేనా" అని ఒకటే నవ్వు. అంటే వెళ్తున్నాం. బస్సుల సంగతి, మిగతా రెండు రోజుల సంగతి కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

న్యూపోర్ట్_నాని:

మీ ఊరివాడినే. బ్లైనావన్‌కు రైలు స్టేషన్ లేదు, న్యూపోర్ట్ నుంచి క్వమ్‌బ్రాన్, పాంటిపూల్ మీదుగా బస్సులో వెళ్లాలి. గంటకు పైగా అనుకోండి, దిగాక గనికి కొంచెం ఎక్కుడు ఉంది, అమ్మకు ట్యాక్సీ మాట్లాడండి. ఆ రోజే ఊళ్లో పాత ఇనుప కొలుములు కూడా చూడొచ్చు, 1789లో మొదలైనవి, కొండవాలుకు ఆనించి కట్టిన రాతి కొలుములు ఇంకా నిలబడి ఉన్నాయి. గని, కొలుములు, చుట్టుపక్కల కొండలు అన్నీ కలిపి 2000 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. వారాంతాల్లో ఆవిరి రైలు కూడా నడుస్తుంది, గని పక్కనే చిన్న హాల్ట్ ఉంది, నడిచే రోజులు చూసుకుని వెళ్లండి.

మీ ఇంటి పక్కనే కార్లియన్ ఉంది, దాన్ని వదిలేయకండి. రోమన్ సైన్యం రెండో అగస్టన్ దళం ఉన్న కోట ఊరు. గుండ్రటి మైదానం చుట్టూ గడ్డి మెట్లు, ఆ రోజుల్లో ఆరు వేల మంది కూర్చునేవాళ్లట. మ్యూజియం, మైదానం రెండూ ఉచితం. సగం పూట చాలు, బస్సు పావుగంటే.

కార్డిఫ్‌లో నేషనల్ మ్యూజియం సోమవారం మూసేస్తారు, చాలామంది అక్కడే బోల్తా పడతారు. లోపల మోనే గీసిన కలువలు, రెన్వార్ గీసిన నీలం గౌను అమ్మాయి బొమ్మలు ఉన్నాయి. వాటిని ఇచ్చింది డేవిస్ అక్కచెల్లెళ్లు, వాళ్ల తాత సంపాదన బొగ్గు, రైళ్లు, బ్యారీ రేవులది. కార్డిఫ్ కోట లోపల ఆ బంగారు గదులు కూడా ఒకప్పటి కోట యజమానులు బ్యూట్ ప్రభువుల బొగ్గు డబ్బే. మీ నాన్నగారికి ఇది చెప్పండి, కోట కూడా వేరేగా కనిపిస్తుంది.

ఈవెంట్స్ విషయానికొస్తే ఆగస్టు మొదటి వారంలో జాతీయ ఐస్తెద్వోద్, పాటలు, కవిత్వం, అంతా వెల్ష్ భాషలోనే, ఏటా ఊరు మారుతుంది, ఈసారి ఎక్కడో చూసుకుని దగ్గరైతేనే వెళ్లండి. సెయింట్ ఫాగన్స్ ఫుడ్ ఫెస్టివల్, మామూలుగా మూసి ఉండే పాత భవనాలను ఉచితంగా తెరిచే ఓపెన్ డోర్స్, రెండూ సెప్టెంబర్‌లో, మీకు అందవు. ఆగస్టులో పిల్లల కార్యక్రమాలే ఎక్కువ.

అమ్మకు గుడి కావాలంటే కార్డిఫ్ గ్రాంజ్‌టౌన్‌లో స్వామినారాయణ మందిరం ఉంది. కార్మార్థెన్ దగ్గర స్కంద వేల్ సుబ్రహ్మణ్యస్వామి ఆశ్రమం ఇంకా బాగుంటుంది కానీ కారు లేకుండా అది ఒక రోజు ప్రయాణం, కార్మార్థెన్ దాకా రైలు, అక్కడి నుంచి ట్యాక్సీ. నేనైతే ఈసారికి వదిలేస్తా.

ఖని_అమ్మాయి:

వెళ్లొచ్చాం. మీకు చెప్పకుండా ఉండలేను.

నాన్న దిగారు. మొదట కేజ్ చూసి తటపటాయించారు, ఆయన పనిచేసింది ఇంక్లైన్‌లో (ఏటవాలు దారి గనిలో) కదా, నడిచి దిగడమే అలవాటు. బెల్టు కట్టడానికి గైడ్ ముందుకొస్తే ఆయన చెయ్యి పక్కకు తీసి తనే కట్టుకున్నారు, టోపీకి లైటు తగిలించి వైరు వెనక్కి వేసుకున్నారు, రెండు సెకన్లలో. గైడ్ ఆగి చూసి, ఎక్కడ పనిచేశారని అడిగాడు. నేను అనువాదం మొదలుపెట్టేలోపే నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కింద ఉన్న నీలం మచ్చ చూపించారు, బొగ్గు పెళ్ల తగిలి తెగినచోట దుమ్ము లోపలే ఉండిపోయి అలా అవుతుంది, మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మచ్చే. గైడ్ ఏమీ అనకుండా తన చెయ్యి చాపాడు. ఆయనకు మణికట్టు మీద ఉంది.

కింద ఇక నా అవసరం లేదు. గాలి తలుపు దగ్గర ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు, నాన్న కప్పుకు పెట్టిన ఇనుప కమానులను తట్టి చూశారు. గుర్రాల కొట్టం దగ్గర ఆ పేర్లన్నీ నాతో చదివించుకుని, "మా దగ్గర గుర్రాల్లెవ్వు, మేమే గుర్రాలం" అన్నారు. అది అనువాదం చేశాను, గైడ్ చాలాసేపు నవ్వాడు.

అమ్మ పైన క్యాంటీన్‌లో మా ఆయనతో టీ తాగుతూ కూర్చుంది, స్వాతి గారు చెప్పినట్టు పులిహోర తెచ్చుకున్నాం కాబట్టి బతికిపోయాం. సెయింట్ ఫాగన్స్‌లో అమ్మకు 1925 ఇల్లు నచ్చింది, 1985ది "ఇరుకుగా ఉంది" అంది, అన్నీ ఒకే సైజు అని చెప్పినా ఒప్పుకోలేదు. కోటలు ఒక్కటీ చూడలేదు, మా ఆయన అలిగారు. ఆయన కోసమైనా ఆదివారం కేర్‌ఫిలీ పెట్టుకున్నాం, బాబు చెప్పిన స్మారకం కూడా చూడాలని నాన్న పట్టు. ఆదివారాలు అక్కడి నుంచి సెంగెనిత్‌కు బస్సులు సరిగ్గా ఉంటాయా, ట్యాక్సీ మాట్లాడుకోవడమే మంచిదా?