12:45కి స్ట్రైడ్ ఎక్కడుంది? ఎవరి మాట నమ్మాలి?

ఎలిజబెత్ స్ట్రైడ్ హత్య: లండన్, బెర్నర్ స్ట్రీట్, 1888 సెప్టెంబర్ 30. శవం కనిపించింది రాత్రి ఒంటిగంటకి.

12:45కి, శవం దొరికిన ఆవరణ గేటు దగ్గర ఒకడు ఆమెను కింద పడేశాడని దారిన పోతున్న ష్వార్ట్జ్ పోలీసులకు చెప్పాడు. అదే టైముకి వీధి మూలలో, గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డ పొడవాటి కోటు మనిషితో ఉందని మరో సాక్షి బ్రౌన్ ఇంక్వెస్ట్‌లో (మరణ కారణం తేల్చే అధికారిక విచారణలో) అన్నాడు. అదే వీధిలో ఉండే మోర్టిమరేమో 12:30 నుంచి 1 దాకా చాలాసేపు తన ఇంటి గుమ్మంలోనే ఉందట, గొడవేమీ చూడలేదట!

ఒక్కొక్కరి టైమునీ 5, 10 నిమిషాలు జరిపి చూశాను. ఒకరికి కుదిరితే ఇంకొకరికి చెడుతోంది. 1:16కి వచ్చిన డాక్టర్ బ్లాక్‌వెల్ చనిపోయి 20-30 నిమిషాలై ఉంటుందన్నాడు. దాంతోనూ ముడి వీడలేదు.

ష్వార్ట్జ్ ఇంక్వెస్ట్ సాక్షుల్లో లేడు. ప్రమాణం చేసి చెప్పాడన్న ఒక్క కారణంతో బ్రౌన్ మాటకి ఎక్కువ బరువివ్వొచ్చా?