వాకిట్లో కప్ప: ఉండనివ్వాలా, చెరువులో వదిలేయాలా?

గోలెం_పక్కన (హనుమకొండ):
మిరుగు వానలు మొదలైనప్పటి నుంచి మా గోలెం వెనక ఒక కప్ప మకాం పెట్టింది. పిడికిలంత ఉంది, ఒళ్లంతా బుడిపెలు. పొద్దుగూకగానే వచ్చి బల్బు కింద కూర్చుంటుంది. మా అత్తమ్మ "కప్పతల్లి, దాని జోలికి పోవద్దు" అంటుంది. మా ఆయనేమో సంచిలో వేసి వడ్డేపల్లి చెరువులో వదిలేసి వస్తానని రెడీగా ఉన్నాడు. ఇంట్లో మూడేళ్ల బాబు, ఒక కుక్క. నెట్‌లో కామన్ టోడ్ అని కొడితే వచ్చే ఫోటోలు దీనికి కలవట్లేదు. ఇంతకీ ఇది విషపుదా?

చెలకలో_టార్చి:
నెట్‌లో మీరు చూసింది యూరప్ కప్ప అక్కా. దాని కళ్లు రాగి రంగులో ఉంటాయి, తల మీద గట్లుండవు. మన దాన్ని పట్టించేవి ఆ గట్లే. టార్చి వేసి చూడండి, ముక్కు నుంచి కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి గీతలు లేచి ఉంటాయి. కళ్ల వెనక చిక్కుడు గింజల్లా రెండు ఉబ్బులు. వీపు మీది బుడిపెల కొసలు కూడా నల్లగానే ఉంటాయి. శాస్త్రీయ నామం దుత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్, 1799లోనే పేరు పెట్టారు. విషం ఉండేది ముఖ్యంగా ఆ ఉబ్బుల్లో, కానీ కరిచి ఎక్కించేది కాదు. ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది ఉత్త మాట, అవి వైరస్ వల్ల వస్తాయి. చేతులు కడుక్కుంటే చాలు, కడిగేదాకా కళ్లు నలుపుకోవద్దు.

బాయికాడ:
మా ఊళ్లో దీన్నే గోదురు కప్ప అంటారు కదా?

చెలకలో_టార్చి:
పెద్దగా కనబడిన ప్రతిదాన్నీ అట్లనే అంటారన్నా. తొలి వానకు పొలాల్లో పసుపు రంగుకు తిరిగి, గొంతు పక్కన నీలం బుడగలు ఊదుకుంటూ అరిచేది వేరు. అది నున్నగా ఉంటుంది, దూరం దూకుతుంది. ఇది గరుకు, చిన్న చిన్న గెంతులే. గుడ్లు చూసినా తెలుస్తుంది. ఇది నీళ్లలో నల్లపూసల దండల్లా పొడుగ్గా పెడుతుంది.

బాయికాడ:
సరే, పేరు ఏదైతేనేం. కప్ప ఉన్నకాడికి పాము వస్తది. పోయినేడు మా మోటారు షెడ్డులో నాగుపాము నోట్లో ఇదే రకం, వెనక కాళ్లు ఇంకా బయటే ఉన్నాయి. విషమైతే పాము ఎట్లా మింగింది? చిన్న పిల్లాడున్న ఇల్లు, మీ ఆయన చెప్పిందే కరెక్ట్.

పాకాల_తూము:
మన పాముల్లో కొన్నింటికి ఆ విషం పడుతుంది, తరతరాల అలవాటు. ఇదే కప్ప మడగాస్కర్‌కు చేరినట్టు 2014లో బయటపడింది. అక్కడి జంతువులకు ఈ అలవాటు లేదని శాస్త్రవేత్తలు తల పట్టుకున్నారు. ఇక పాము కప్ప కోసం వస్తుందన్నది అబద్ధం కాదు, ఒప్పుకుంటా. ఎలుక కోసమూ వస్తుంది. ముందు గోడ పక్క కట్టెల కుప్ప తీయించండి, తలుపు కింద సందు మూయించండి. ఆ పని చేయకుండా ఒక్క కప్పను సాగనంపితే ఏం ఒరుగుతుంది? పైగా ఇది చెరువు కప్ప కాదు, గుడ్లు పెట్టడానికి తప్ప నీళ్లతో పని లేదు.

కాజీపేట_కుక్కలు:
పాము సంగతి పక్కన పెట్టండి, అసలు టెన్షన్ కుక్కతో. మాది ఒకసారి నోట కరిచింది. రెండు నిమిషాల్లో నోటినిండా నురుగు, తల విదిలించుడే విదిలించుడు. తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా పక్క నుంచి పైపుతో నోరు కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. బతికింది. కుక్క ఉన్న ఇంట్లో కప్ప వద్దనే నా మాట.

పాకాల_తూము:
మీ భయం న్యాయమైందే. కానీ వానాకాలంలో ఒకటి పోతే గోడ దూకి ఇంకోటి రాదా? కట్టేయాల్సింది కుక్కను.

బాయికాడ:
కుక్కను కట్టేసి కప్పను విడిచిపెట్టాలా! బాగుంది.

గోలెం_పక్కన:
నిన్న వాన వెలిశాక ఉసిళ్లు లేచాయి. బల్బు కింద కూర్చుని చూశాం, టార్చి పట్టింది మా ఆయనే. నల్ల గట్లు, చిక్కుడు గింజలు, అన్నీ ఉన్నాయి. ఉసిళ్లు దగ్గరికి రాగానే కప్ప వెనక కాలి వేళ్లు టపటపా కొట్టుకుంటాయి, తర్వాత నాలుక ఎప్పుడు వచ్చిపోయిందో కనబడదు. మింగేటప్పుడు కళ్లు లోపలికి కుంగిపోతాయి, ఏదో చేదు మందు మింగుతున్నట్టు! నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాం. కట్టెలు మేడ మీదికి చేర్చాం, చీకటి పడితే కుక్క ఇంట్లోనే. మా ఆయన సంచి మాత్రం ఇంకా గోలెం పక్కనే వేలాడుతోంది.