నత్తి మీద పరిశోధనల్లో గెలుపంటే ఏమిటి? తడబాట్లు తగ్గడమేనా?

పేరు_దగ్గరే_బ్రేకు:
నాకు ముప్పై ఆరేళ్లు. నాలుగో ఏట నుంచీ నత్తి. ఆ మధ్య ఒక పరిశోధనకు వెళ్లాను. ఎదురుగా కూర్చున్న అమ్మాయి పది నిమిషాలు పిచ్చాపాటీ మాట్లాడించి రికార్డు చేసింది. తర్వాత అది వింటూ మామూలు అక్షరానికి ఒక బటన్, తడబడ్డ అక్షరానికి ఇంకో బటన్ నొక్కి లెక్క తీశారు. వంద అక్షరాలకు రెండు. "చాలా స్వల్పం" అని ఫారంలో రాసుకున్నారు.

ఆ పది నిమిషాల్లో నేను పడ్డ పాట్లు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. నాకు 'ప', 'బ' దగ్గర మాట బిగుసుకుపోతుంది. మా తమ్ముడి పేరు ప్రసాద్. వాడి గురించి అడిగితే "మా చిన్నోడు" అన్నాను. ఉద్యోగం బ్యాంకులో. "లెక్కలు చూస్తాను" అని సరిపెట్టాను. ఒక ప్రశ్నకైతే జవాబు నాలుక మీదే ఉంది, కానీ అది 'ప'తో మొదలవుతుంది. "గుర్తులేదండీ" అన్నాను. ముప్పై ఏళ్ల సాధన! మాట మార్చడంలో నేను పండితుణ్ణి.

దాచుకోవడం మానేసిన రోజున నా లెక్క రెండు నుంచి పన్నెండుకు పోతుంది. అంటే వాళ్ల కొలతలో నాకు జబ్బు ముదిరినట్టు! అందుకే అంటున్నాను, పెద్దవాళ్ల మీద చేసే పరిశోధనల్లో మొదట చూడాల్సింది అనుకున్న మాట అన్నాడా లేదా అని. నత్తి బతుకులో ఎంత అడ్డుపడుతోందో అడిగే ఓయాసిస్ అనే ప్రశ్నావళిని యారస్, క్వెజల్ 2006లోనే తెచ్చారు. అలాంటి వాటిని ఇంకా పక్కవాద్యంగానే వాడుతున్నారని నా ఫిర్యాదు.

లెక్కల_మాస్టారు:
మీ బాధ అర్థమైంది. కానీ బటన్‌ని తీసి పారేస్తే ఏమవుతుందో కూడా చూడండి. చిన్నపిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఏదో ఒక దశలో నత్తి వస్తుంది. వాళ్లలో ముప్పాతిక మందికి పైగా దానంతటదే పోతుంది. పెద్దవాళ్లలో మిగిలేది 1 శాతం. ఏం చేయకపోయినా ముప్పాతిక మంది బాగుపడే చోట, తల మీద నెమలీక తిప్పినవాడు కూడా "నా వైద్యంతో వందలో 75 మందికి నయమైంది" అని బోర్డు పెట్టుకోవచ్చు.

న్యూజిలాండ్‌లో చేసి 2005లో ప్రచురించిన లిడ్‌కమ్ పద్ధతి (చిన్నపిల్లల నత్తికి తల్లిదండ్రుల చేతే చేయించే థెరపీ) ట్రయల్ చూడండి. 54 మంది పిల్లల్ని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. తొమ్మిది నెలలకు థెరపీ తీసుకున్న గుంపులో తడబాట్లు వంద అక్షరాలకు 6.4 నుంచి 1.5కి తగ్గాయి. తీసుకోని గుంపులోనూ 6.8 నుంచి 3.9కి దిగాయి! ఆ రెండో గుంపే లేకపోతే తగ్గిందంతా థెరపీ ఖాతాలో పడేది. పైగా టేపులు విని లెక్కేసినవాళ్లకు ఏ పిల్లాడు ఏ గుంపో తెలియదు. మీ ప్రశ్నావళికి ఆ సౌకర్యం ఉందా? నింపేది చికిత్స తీసుకున్న మనిషే. మూడు నెలలు కష్టపడి తిరిగినవాడు "ఏం లాభం లేదు" అని రాయాలంటే చేయి ఆడదు.

బుజ్జిగాడి_అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మావాడికి మూడేళ్ల ఎనిమిది నెలలు. ఏడు నెలలుగా "నా నా నా నాకు" అంటున్నాడు. ముప్పాతిక మందికి పోతుందని అందరూ ధైర్యం చెబుతారు. మావాడు ఆ ముప్పాతికలో ఉన్నాడా, పావులో ఉన్నాడా అన్నదే నా టెన్షన్. మొన్న మాట రాక చేత్తో నోరు నొక్కుకుని "అమ్మా, నోరు రావట్లేదు" అన్నాడు. నేను తొందరపెట్టడం వల్ల వచ్చిందా?

స్పీచ్_థెరపీ_15ఏళ్లు:
మీ వల్ల కాదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. ఇందులో జన్యువుల పాత్ర గట్టిదే. తరతరాలుగా నత్తి ఉన్న కుటుంబాల్ని పరిశీలించి జీఎన్‌పీటీఏబీ లాంటి జన్యువుల్లో తేడాలున్నాయని 2010లో చూపించారు. ఇంట్లో పెద్దయ్యాక కూడా నత్తి పోనివాళ్లు ఉండటం, మగపిల్లాడు కావడం, మూడున్నరేళ్లు దాటాక మొదలవడం, నెలల తరబడి తగ్గకపోవడం, ఇవి ఉంటే నిలిచిపోయే అవకాశం ఎక్కువ. ఏ ఒక్కటీ తీర్పు కాదు. మీవాడు తనంతట తాను గమనించి బాధపడుతున్నాడు కాబట్టి, ఆగి చూడమని నేను చెప్పను. ఒకసారి చూపించండి.

ఏ పద్ధతి అని ఎక్కువ మథనపడొద్దు. నెదర్లాండ్స్‌లో 199 మంది పిల్లల మీద రెండు పద్ధతుల్ని పోల్చారు. లిడ్‌కమ్‌లో మాట సాఫీగా వచ్చినప్పుడు తల్లి మెచ్చుకుంటుంది, తడబడితే అప్పుడప్పుడు మెత్తగా ఎత్తిచూపుతుంది. రెండోదాంట్లో పిల్లాడి మీద ఒత్తిడి తగ్గిస్తారు, ఇంట్లోవాళ్లే నెమ్మదిగా మాట్లాడతారు. దారులు వేరు. పద్దెనిమిది నెలలకు నత్తి లేనివాళ్లు ఒకదాంట్లో 76.5 శాతం, ఇంకోదాంట్లో 71.4. ఆ తేడా గట్టిగా చెప్పుకోదగ్గది కాదు.

చర్చ మొదలుపెట్టినాయన చెప్పింది పెద్దవాళ్ల సంగతి. నాలుగేళ్ల పిల్లాడికి ఇంకా మాట మార్చే తెలివి రాదు కాబట్టి బటన్ లెక్క చాలావరకు నిజమే చెబుతుంది.

కోరస్_బాబు:
పాటలో నత్తి రాదుగా. అన్నీ రాగం తీసి చెబితే సరి :)

పేరు_దగ్గరే_బ్రేకు:
పాటలోనే కాదు, ఇంకొకరితో కలిసి ఒకే మాట చదివినా రాదు. రేపు మా ఆఫీసు మీటింగుకు వచ్చి నా పక్కన కోరస్ ఇవ్వండి మరి.

పాతకాలపు_మనిషి:
అసలు పిల్లాడి ముందు నత్తి అన్న మాటే ఎత్తకూడదు. 1939లో అమెరికాలో అనాథ పిల్లలకు "నీకు నత్తి ఉంది" అని చెప్పి చెప్పి నిజంగానే నత్తి తెప్పించారు.

లెక్కల_మాస్టారు:
అది సగమే నిజం. అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ దగ్గర మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని చేసిన ప్రయోగం అది. 22 మంది పిల్లలు. వాళ్లలో మామూలుగా మాట్లాడే ఆరుగురికి నత్తి మొదలవుతోందని చెప్పారు. పెద్దవాళ్లు పేరు పెట్టడం వల్లే నత్తి పుడుతుందన్నది జాన్సన్ సిద్ధాంతం. చిత్రమేమిటంటే ఆయనకూ నత్తి ఉండేది. కానీ 2002లో ఆంబ్రోస్, యైరి ఆ కాగితాలన్నీ మళ్లీ తిరగేసి, ఆ పిల్లలకు నత్తి వచ్చిందనడానికి ఆధారం లేదన్నారు. ప్రయోగం ఘోరమే, అందులో వాదన లేదు. 2007లో అయోవా రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది.

పేరు_దగ్గరే_బ్రేకు:
మాస్టారూ, నా వాదన మీరే గెలిపించారు. నత్తి రాలేదన్నారు. మరి పరిహారం దేనికి? ఆ పిల్లలు నోరు విప్పడం తగ్గించేశారు, బిడియపడ్డారు, అందుకు. తడబాట్లు మాత్రమే లెక్కపెడితే వాళ్లకు ఏమీ కానట్టే. మాట్లాడకుండా ముడుచుకుపోయిన పిల్ల దగ్గర మీ బటన్ నొక్కే పనే పడదు.

లెక్కల_మాస్టారు:
ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. ఒక్క సంగతి చెప్పండి. ఆ రోజు మీ చేత ఏదైనా చదివించారా? చదివేటప్పుడు మాట మార్చలేరు కదా.

పేరు_దగ్గరే_బ్రేకు:
లేదు. పిచ్చాపాటీ ఒక్కటే.

లెక్కల_మాస్టారు:
అయితే తప్పు లెక్కది కాదు, పరీక్ష పెట్టిన తీరుది. తప్పించుకోలేని పని ఇవ్వాలి. కొత్తవాళ్లకు ఫోన్ చేసి సొంత పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పమనాలి. మొత్తం ఎన్ని మాటలు మాట్లాడారో కూడా రాయాలి. అప్పుడు ముడుచుకుపోవడమూ అంకెల్లోనే దొరుకుతుంది.

స్పీచ్_థెరపీ_15ఏళ్లు:
ఫోన్ మంచి ఆలోచన. గదిలో నా ముందు గలగలా మాట్లాడి, బయట మెట్ల మీద ఫోన్ మోగితే కట్ చేసేవాళ్లను చాలామందిని చూశాను. బుజ్జిగాడి అమ్మగారూ, "నోరు రావట్లేదు" అన్నప్పుడు "అవును నాన్నా, ఆ మాట కష్టమైంది కదా, నిదానంగానే చెప్పు, వింటున్నా" అనండి చాలు. దాచక్కర్లేదు, పెద్దది చేయక్కర్లేదు.

బుజ్జిగాడి_అమ్మ:
సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను మేడమ్.

పేరు_దగ్గరే_బ్రేకు:
ఇక నా చివరి ప్రశ్న. నిన్న ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎవరి తరఫున అని అడిగారు. "మా చిన్నోడు" అనకుండా "ప్రసాద్" అనే చెప్పాను. పెదాలు బిగుసుకుని అయిదారు సెకన్లు పట్టింది. అవతల ఆవిడ "హలో, హలో" అంది. పెట్టేయకుండా పూర్తి చేశాను. మీ కాగితంలో ఇది ఒక తడబాటు. ఏ గడిలో వేస్తారు మాస్టారూ?

లెక్కల_మాస్టారు:
రెండు గడులు కావాలి, ఒప్పుకుంటున్నాను. రెండో గడికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి. కానీ మొదటి గడి కొట్టేయనివ్వను.