కాల్చిన .308 ఇత్తడి కేసులను చింతపండుతో తోమవచ్చా?

ప్రశ్న: డాలస్ వేటగాడు

నేను .308 వించెస్టర్ బోల్ట్ రైఫిల్‌తో అడవి పందుల వేటకూ, రేంజిలో సాధనకూ వెళ్తుంటాను. ఇంతవరకు కొన్న తూటాలే కాల్చాను గాని ఖాళీ కేసులన్నీ (కాల్చాక మిగిలే ఇత్తడి తొడుగులు) ఒక డబ్బాలో దాచిపెడుతూ వచ్చాను. రేంజిలో పక్కవారు వదిలేసినవి కూడా వారిని అడిగి కొన్ని ఏరి తెచ్చాను. ఇప్పుడు రీలోడింగ్, అంటే ఖాళీ కేసులను మళ్లీ నింపి తూటాలు చేయడం, నేర్చుకుందామని ప్రెస్సు, డైలు (కేసును నొక్కి సరైన కొలతకు తెచ్చే అచ్చులు), కాలిపర్ కొన్నాను. సందేహం మొదటి మెట్టు దగ్గరే వచ్చింది. ఈ కేసులు కొన్ని మసిబారి, కొన్ని మట్టికొట్టుకుని ఉన్నాయి. మా ఇంట్లో ఇత్తడి బిందెలనూ దీపపు కుందులనూ చింతపండు, ఉప్పు కలిపి తోమడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కనుక అదే పద్ధతి వీటికి ఎందుకు పనికిరాదని అనిపించింది. దుకాణాల్లో దొరికే ఇత్తడి పాలిష్ ద్రవాలైనా వాడవచ్చా? టంబ్లర్ (కేసులను కదిలిస్తూ తోమే యంత్రం) కొనక తప్పదంటే పొడిదా, నీటిదా? ఇంతకూ, కొత్తవాటిలా మెరిసేదాకా శుభ్రం చేయవలసిందేనా?

జవాబు: లోహపు గీటురాయి

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మెరుపు అవసరం లేదు. కేసు మీద మట్టి, ఇసుక ఉంటే అవి డై లోపలి గోడను గీరుతాయి, ఆ గీత తరువాత వచ్చే ప్రతి కేసు మీదా పడుతుంది. మసి ఉంటే దాని కింద ఉన్న పగులు కంటికి కనపడదు. శుభ్రం చేయడానికి కారణాలు ఈ రెండే గనుక, లోహం ఉపరితలం స్పష్టంగా కనిపిస్తే చాలు, గోధుమ రంగు మిగిలినా నష్టం లేదు.

ఇక చింతపండు సంగతి. కేసులకు వాడే ఇత్తడిలో దాదాపు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న ఆక్సైడు పొరను కరిగిస్తుంది కాబట్టి మెరుపు వస్తుందనడంలో సందేహం లేదు. అయితే ఉప్పు కలిసిన ఆమ్లంలో ఎక్కువసేపు నానితే జింకు ముందుగా కరిగిపోయి, రాగి మిగిలి, లోహం గులాబీ రంగుకు తిరుగుతుంది. బిందెకు అది రంగు మార్పు మాత్రమే. వేల కిలోల ఒత్తిడిని తట్టుకోవలసిన పలుచని గోడకు అది మంచిది కాదు. పైగా కేసు అడుగున ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల) కూర్చునే గుంటలో చేరిన చింతపండు పీచును ఎవరు తీయగలరు? ఆమ్లమే కావాలంటే నాలుగు లీటర్ల నీటికి పావు టీ చెంచా నిమ్మ ఉప్పు, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, కొద్ది నిమిషాలు ఉంచి, మంచి నీటితో బాగా కడగండి.

పాలిష్ ద్రవాల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. వాటిలో చాలావాటికి అమ్మోనియా ఉంటుంది, అది ఇత్తడికి శత్రువు. దీని చరిత్ర మన దేశానికి సంబంధించినదే. బ్రిటిష్ పాలనలో భారతదేశంలోని సైన్యం వర్షాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిలవ చేసేది. వర్షాలు వెలిసేసరికి, కాల్చని కేసులే పగిలి కనిపించేవి. ఋతువును బట్టి వచ్చే పగుళ్లు గనుక దానికి ఆ పేరే పెట్టారు గాని కారణం చాలాకాలం అంతుబట్టలేదు. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు దాన్ని తేల్చారు: గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా, చల్లగా సాగదీసి చేసిన కేసు గోడలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తే పగులు పుడుతుంది. కాల్చి, డైలో నొక్కిన కేసులో ఆ బిగువు ఉండనే ఉంటుంది. కాబట్టి సీసా మీద అమ్మోనియా అన్న మాట కనిపిస్తే పక్కన పెట్టేయండి.

జవాబు: గ్యారేజీ పనివాడు

పై మాటలతో ఏకీభవిస్తూనే టంబ్లర్ గురించి నా అభిప్రాయం చెబుతాను. స్టీలు పుల్లలు వేసి నీటితో తిప్పే టంబ్లర్ లోపలి మసినీ, ప్రైమర్ గుంటనూ కూడా తోమేస్తుంది. కాని ప్రతి కేసునూ ఆరబెట్టాలి, పుల్ల ఏదైనా నిప్పు రంధ్రంలో (ప్రైమర్ నిప్పు కేసులోకి వెళ్లే దారి) ఇరుక్కుందేమో వెతకాలి, ఎక్కువసేపు తిప్పితే కేసు అంచులు ఒకదానినొకటి కొట్టుకుని నలుగుతాయి. పైగా కేసు మెడ (బుల్లెట్‌ను పట్టుకునే సన్నని భాగం) లోపల మసి పూర్తిగా పోతే బుల్లెట్ బిగుసుకుంటూ దిగుతుంది, కొందరు దానికోసం మళ్లీ గ్రాఫైట్ పొడి రాస్తారు. తోమి మళ్లీ మసి పూయడం నాకు హాస్యంగా తోస్తుంది. మొక్కజొన్న కండె పొట్టుతో గాని, వాల్‌నట్ పెంకు పొడితో గాని నడిచే పొడి టంబ్లరే వేట తూటాలకు చాలు.

పని వరుస ఇది. ముందు కేసులను చూసి వేరు చేయాలి. పాత ప్రైమర్ తీయకముందే లోపలికి లైటు వేసి చూడండి. మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం, దాన్నే మనం వాడుకోగలం. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం, దాని మీద నొక్కితే మీ డై సూది విరుగుతుంది. తరువాత శుభ్రం చేసి, లూబ్రికెంటు పలుచగా రాసి, డైలో నొక్కాలి. లూబ్రికెంటు తక్కువైతే కేసు డైలో ఇరుక్కుపోతుంది, ఎక్కువైతే కేసు భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) మీద సొట్ట పడుతుంది. నొక్కిన తరువాతే పొడవు కొలవాలి, ఎందుకంటే నొక్కినప్పుడు ఇత్తడి ముందుకు సాగుతుంది. .308 కేసు 2.015 అంగుళాలు దాటకూడదు, దాటినదాన్ని 2.005కు కోయాలి. పొడవెక్కిన కేసు అంచు చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) చివర ఒరుసుకుని బుల్లెట్‌ను పట్టేస్తుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కోసిన అంచును లోపలా బయటా నునుపు చేసి, లూబ్రికెంటును పూర్తిగా తుడిచేస్తే కేసు సిద్ధమైనట్టే.

రేంజిలో ఏరినవాటిలో అడుగున వృత్తంలో కూడిక గుర్తు ఉన్నవి, దాదాపు ఇదే కొలత గల సైన్యపు 7.62 కేసులు. వాటి ప్రైమర్ చుట్టూ అంచు నొక్కి ఉంటుంది, ఆ నొక్కును తీసివేయకపోతే కొత్త ప్రైమర్ దిగదు. గోడలు మందంగా ఉండే అవకాశం ఎక్కువ గనుక లోపలి చోటు తగ్గుతుంది. వాణిజ్య కేసులకని పుస్తకంలో ఇచ్చిన మందు కొలతను వాటికి యథాతథంగా వాడకూడదు, వేరే డబ్బాలో ఉంచాలి.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి

ప్రైమర్లలో చాలావరకు సీసపు సమ్మేళనం ఉంటుందన్న మాట పైవారెవరూ చెప్పలేదు. పొడి టంబ్లర్ మూత తీసినప్పుడు లేచే ధూళిలో అది ఉంటుంది. ఆ పని గ్యారేజీలో కూడా తలుపు తెరిచి, ముక్కుకు మాస్కు పెట్టుకుని చేయండి. నీటి టంబ్లర్ వాడినా మురికి నీటిలో సీసం ఉంటుంది కాబట్టి వంటింటి సింకు, డిష్‌వాషర్, వంట ఓవెన్ ఈ పనికి తాకించవద్దు. జల్లెడ కూడా వేరేది కొనాలి. చిన్నపిల్లల ఒంట్లో సీసం కొద్దిగా చేరినా మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది.

జవాబు: నిబంధనల నారాయణ

ఈ చర్చ చదివే వీసాదారులకు ఒక మాట. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని, మందుగుండు గాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. అదే చట్టం మందుగుండుకు ఇచ్చిన నిర్వచనంలో ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, మందు విడివిడిగా కూడా చేరి ఉన్నాయి. రేంజి నేల మీద దొరికిన కేసును జ్ఞాపికగా జేబులో వేసుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి. ఊరికి వెళ్లేటప్పుడు ఒక్క ఖాళీ కేసైనా సామానులో లేకుండా చూసుకోండి.

ప్రశ్న: డాలస్ వేటగాడు

అందరికీ కృతజ్ఞతలు. నాకు గ్రీన్ కార్డు ఉంది గనుక ఆ చిక్కు లేదు. ఏరినవాటిలో కొన్నింటికి అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత ఉంది. అది డై గుర్తా, మరేదైనానా?

జవాబు: గ్యారేజీ పనివాడు

రెండింటిలో ఏదైనా కావచ్చు, బయటి నుంచి చూసి తేల్చలేము. డై ఆగిన చోట పడే గీత పైపైనే ఉంటుంది. కేసు మళ్లీ మళ్లీ సాగి గోడ పలచబడితే లోపల గాడి పడుతుంది. పేపర్ క్లిప్పును తిన్నగా చేసి, కొసను వంచి, మొన తేల్చి, లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. గీత ఉన్న చోట మొన తట్టుకుంటే ఆ కేసు తరువాతి కాల్పులో రెండు ముక్కలై చాంబర్‌లోనే మిగలవచ్చు, వేడి గాలి వెనక్కి తన్నవచ్చు. భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నొక్కడమే దీనికి సాధారణ కారణం. బోల్ట్ రైఫిల్‌లో అంగుళంలో వెయ్యింట ఒకటి లేదా రెండు వంతులు మాత్రమే భుజం జరిగేలా డైని సరిచేయండి. గాడి దొరికిన కేసు నోరు పట్టకారుతో నలిపి పారేయండి, లేకపోతే అది మళ్లీ మంచివాటి డబ్బాలోకి చేరుతుంది.