కాజీపేట త్రికోణం కోసం టూ-రైల్ ఇంజన్‌ను త్రీ-రైల్‌కు మార్చాలి, స్లైడర్ ఎక్కడ పెట్టాలి?

కాజీపేట_త్రికోణం:

అందరికీ నమస్తే. మా మేడ మీది గదిలో మోడల్ రైళ్లతో కాజీపేట త్రికోణం కట్టాలని మూడేళ్లుగా తిప్పలు పడుతున్నా. చూడనివాళ్ల కోసం చెప్తున్నా, బల్లార్షా వైపు నుంచి వచ్చే కొన్ని బండ్లు కాజీపేట స్టేషన్‌కు రాకుండానే పక్కనుంచి వంపు తిరిగి నేరుగా వరంగల్ వెళ్లిపోతాయి. ఆ వంపుతో మూడు లైన్లూ కలిసి త్రికోణం అవుతుంది. టూ-రైల్ పట్టాలతో (కరెంటు రెండు పట్టాల్లో విడివిడిగా వచ్చే రకం) ఎలా వేసినా షార్ట్ అవుతోంది, ఎడమ పట్టా చుట్టూ తిరిగొచ్చి కుడి పట్టాకే కలుస్తుంది కదా.

మొన్న మా బావ జర్మనీ నుంచి వస్తూ మెర్క్లిన్ కంపెనీ సీ-ట్రాక్ పట్టాలు రెండు డబ్బాలు, వాళ్ల డిజిటల్ కంట్రోలర్ మొబైల్ స్టేషన్ 2 తెచ్చిచ్చాడు. కరెంటు మధ్యలో ఉన్న చిన్న బొడిపెల్లో వస్తుంది, బయటి పట్టాలు రెండూ ఒకటే. త్రీ-రైల్ అంటే ఇదే, త్రికోణానికి అడ్డే లేదు. కానీ నా ఇంజన్ టూ-రైల్‌ది. అమెరికన్ ఆరు ఇరుసుల ఛాసిస్ మీద ప్లాస్టిక్ షీటుతో డబ్ల్యూడీఎం-2 (మన రైల్వే పాత డీజిల్ ఇంజన్) బాడీ నేనే కట్టుకున్నా, ఎనిమిది నెలలు పట్టింది, దాన్ని పాడుచేసుకుంటానేమోనని టెన్షన్. డీకోడర్ (కంట్రోలర్ ఆదేశాలు అందుకుని మోటారును నడిపే చిన్న సర్క్యూట్) లేదు, మామూలు డీసీ మోటారు. స్లైడర్ (ఇంజన్ కింద బొడిపెలను రాసుకుంటూ కరెంటు తీసుకునే పట్టీ) ఎక్కడ బిగించాలి? డీజిల్ ట్యాంకు కింద చాలా ఖాళీ ఉంది, అక్కడ పెడితే సరిపోతుందా? చక్రాలు మార్చాలా?

కరీంనగర్_మోడలర్:

అన్నా, ముందు ఒక మాట. ఎవరైనా పాత మెర్క్లిన్ ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తే ఈ ఇంజన్‌ను నేరుగా దాని మీద పెట్టొద్దు. డీసీ మోటారు ఏసీ మీద తిరగదు, గుయ్యిమంటూ వేడెక్కి కాలిపోతుంది. పైగా వాటిలో దిశ మార్చడానికి 24 వోల్టుల దెబ్బ ఒకటి కొడతారు, దాన్ని తట్టుకోని డీకోడర్ అయితే అదీ పోతుంది. నీ దగ్గర మొబైల్ స్టేషన్ 2 ఉంది కాబట్టి దిగులు లేదు, అందులో డీసీసీ (చాలా కంపెనీలు వాడే డిజిటల్ కంట్రోల్ పద్ధతి) కూడా ఉంది, మామూలు డీసీసీ డీకోడర్ కొంటే చాలు.

వైరింగ్ నిజానికి తేలిక. ఇప్పుడు ఎడమ చక్రాల నుంచి ఒక వైరు, కుడి చక్రాల నుంచి ఒక వైరు వస్తున్నాయి కదా, ఆ రెండూ కలిపి డీకోడర్ నల్ల వైరుకు అతికించు. స్లైడర్ నుంచి వచ్చేది ఎర్ర వైరుకు. ఆరెంజ్, బూడిద రంగు వైర్లు మోటారుకు. అయితే డీకోడర్ పెట్టేముందు మల్టీమీటర్‌తో మోటారు బ్రష్‌లు (మోటారుకు కరెంటు అందించే ముక్కలు) రెండింటినీ ఛాసిస్‌తో, చక్రాలతో చెక్ చెయ్యి. ఎక్కడా బీప్ రాకూడదు. అమెరికన్ ఛాసిస్ పాతవాటిలో ఒక బ్రష్ నేరుగా లోహానికే తగిలి ఉంటుంది, నేను ఇది చూడక మొదటి డీకోడర్ కాల్చుకున్నా. కింది బ్రష్ కింద కాప్టాన్ టేపు (ఇన్సులేషన్ టేపు) వేసి విడిగా వైరు తీయాలి.

ట్యాంకు కింద మాత్రం పెట్టొద్దు. బోగీల (పెట్టెలు కాదు, ఇంజన్ కింద చక్రాలు బిగించి తిరిగే చట్రాల) మధ్య దూరం ఎంత ఉందో కొలిచి చెప్పు.

కాజీపేట_త్రికోణం:

థాంక్స్ తమ్ముడూ. బోగీ మధ్య నుంచి బోగీ మధ్యకు 120 మిల్లీమీటర్లు. వంపులు 360 మిల్లీమీటర్ల రేడియస్‌వి.

కరీంనగర్_మోడలర్:

అయితే ఆ వంపులో ఇంజన్ నడుము బొడిపెల వరస నుంచి దాదాపు 5 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది (120ని 120తో గుణించి, 360కి ఎనిమిది రెట్లతో భాగించు). స్లైడర్ బొడిపెల మీంచి జారి లోపలి పట్టాకు దగ్గరవుతుంది. బోగీ కింద పెడితే బోగీతోపాటే తిరుగుతుంది, మధ్యలోనే ఉంటుంది. గేర్ల కింది మూత ప్లాస్టిక్‌దే కాబట్టి దానికే బిగించు. సన్న రకం స్లైడర్లు దొరుకుతాయి, అవే తీసుకో, ఈ ఛాసిస్‌లలో మూతకూ పట్టాకూ మధ్య సందు తక్కువ.

లోకోషెడ్_రిటైర్డ్:

బాబూ, నేను కాజీపేట షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాను, మోడళ్లు రిటైరయ్యాకే మొదలుపెట్టాను. నీ త్రీ-రైల్ సంగతి చదువుతుంటే నాకు అచ్చం మన ఎలక్ట్రిక్ ఇంజనే గుర్తొచ్చింది. పైన 25 కేవీ తీగ నుంచి పాంటోగ్రాఫ్ కరెంటు తీసుకుంటుంది, తిరుగు కరెంటు చక్రాల గుండా పట్టాల్లోకి పోతుంది. నీ స్లైడర్ అంటే పాంటోగ్రాఫ్‌ను తిరగేసి కింద పెట్టినట్టే. అలా అనుకుంటే దాని జబ్బులన్నీ అర్థమవుతాయి. పాంటోగ్రాఫ్ ఒత్తిడి ఎక్కువైతే తీగ అరిగిపోతుంది, తక్కువైతే మెరుపులు. నీ స్లైడర్ స్ప్రింగ్ కూడా అంతే, గట్టిగా ఉంటే బోగీని పైకి లేపుతుంది, చక్రాలు జారతాయి, లాగే బలం పోతుంది. వేలితో నొక్కితే మెత్తగా దిగాలి. పొడవు ఎప్పుడూ రెండు బొడిపెల మీద ఆనేంత ఉండాలి.

ఇంకోటి. ఇంజన్‌ను ముట్టుకోవడానికి మనసొప్పకపోతే స్లైడర్‌ను వెనక పెట్టె కింద పెట్టి, కరెంటు పారే కప్లింగ్‌తో ఇంజన్‌కు ఇవ్వొచ్చు. ఆ పెట్టె మాత్రం ఎప్పుడూ దానికి తగిలించే ఉండాలి.

మంచిర్యాల_రైల్స్:

చక్రాల గురించి ఎవరూ చెప్పలేదు. ఒకవైపు ఇన్సులేషన్ ఉన్న చక్రాలు అలాగే ఉంచొచ్చు, రెండు వైపులా వైర్లు కలిపేస్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. తేడా వచ్చేది పాయింట్ల (బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మళ్లించే చోట్ల) దగ్గర. మీ ఛాసిస్‌లో చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మెర్క్లిన్ వాళ్లది 14 చుట్టుపక్కల. పాయింట్లలో ఎక్కి దిగుతుంటే వెర్నియర్‌తో చూసుకుంటూ చక్రాలను కొంచెం కొంచెం లోపలికి నొక్కండి, ఆరు ఇరుసులూ ఒకే కొలతకు రావాలి.

తర్వాత బండి ఎక్కడుందో తెలిసే కాంటాక్ట్ ట్రాక్ పెట్టుకుంటే, అక్కడ ఇరుసు రెండు పట్టాలనూ కలపాలి, అసలు రైల్వేలో ట్రాక్ సర్క్యూట్‌లాగే. ఇంజన్ కలుపుతుంది కానీ ఇన్సులేషన్ ఉన్న చక్రాల పెట్టెలు కలపవు. చివరి పెట్టెకైనా లోహపు చక్రాలు వేయండి, లేకపోతే బండి సగం ఇంకా అక్కడే ఉన్నా లైన్ ఖాళీ అని చూపిస్తుంది.

కాజీపేట_త్రికోణం:

రెండు వారాలకు అప్‌డేట్. స్లైడర్ వెనక బోగీ కింద బిగించా, నిన్న రాత్రి త్రికోణం మూడు భుజాలూ తిరిగింది, ఎక్కడా షార్ట్ లేదు, మా అమ్మను కూడా లేపి చూపించా. ఒకే ఒక్క పాయింట్ దగ్గర మాత్రం చిన్న మెరుపు వచ్చి ఆగుతోంది, వరంగల్ వైపు.

లోకోషెడ్_రిటైర్డ్:

సంతోషం బాబూ. పాయింట్‌లో బొడిపెలు పట్టాకంటే ఎత్తుగా ఉంటాయి, స్లైడర్ పట్టా పైనుంచి దాటిపోవడానికి. నీ స్లైడర్ ఒక చివర కిందికి వంగి పట్టాను ముట్టుకుంటున్నట్టుంది. లైటు ఆపి చీకట్లో నెమ్మదిగా నడిపి, మెరుపు ఏ చివర వస్తుందో చూడు, ఆ చివరను వేలితో కొంచెం పైకి వంచు.